అమెరికాలో ట్రాఫిక్ టికెట్ పడిందా? డబ్బు కట్టేముందు పాయింట్ల లెక్క చూసుకోండి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బండి నడిపి వచ్చినవాళ్లకి చలానా అంటే పెద్ద బెంగ ఉండదు. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఫొటోలో మన బండేనా అని చూసుకుంటాం, తీరిక దొరికినప్పుడు కడతాం. పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇస్తారేమోనని ఆగేవాళ్లూ ఉన్నారు. అదే ధోరణిలో అమెరికాలో స్పీడింగ్ టికెట్ రాగానే చాలామంది ఆ రాత్రే ఆన్‌లైన్లో కార్డు నంబరు కొట్టేసి, పీడ విరగడైందనుకుని పడుకుంటారు.

ఇక్కడ డబ్బు కట్టడమంటే నేరం ఒప్పుకోవడం. ఒప్పుకున్నారు కాబట్టి కోర్టు ఆ సంగతి డీఎంవీకి, అంటే లైసెన్సులిచ్చే రాష్ట్ర విభాగానికి, చేరవేస్తుంది. డీఎంవీ మీ రికార్డు మీద పాయింట్లు వేస్తుంది, అవి పేరుకుంటే లైసెన్సే సస్పెండవుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తర్వాతి రెన్యువల్‌కి మీ రికార్డు తెప్పించుకుని ప్రీమియం పెంచుతుంది. టికెట్ మీద రాసిన అంకె ఆ రోజుతో పోతుంది కానీ పెరిగిన ప్రీమియం మూడేళ్ల పాటు వదలదు. పాయింట్లు తప్పించుకోవడానికి ఉన్న దారులన్నీ డబ్బు కట్టకముందువే. కట్టాక మిగిలేది కొన్ని పాయింట్లు తగ్గించుకునే క్లాసు లాంటివే. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో ఎక్కువ భాగం ఆ "పే" బటన్ నొక్కకముందు చేయాల్సినవే.

రూల్స్ రాష్ట్రానికొక రకం. మనవాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాల సంగతులు చెబుతాను. మీది వేరే రాష్ట్రమైతే ఇవే ప్రశ్నలు అక్కడి డీఎంవీ సైటులో, టికెట్ మీదున్న కోర్టు సైటులో వెతుక్కోండి.

1. పోలీసు ఆపినప్పుడు

మన దగ్గర ట్రాఫిక్ పోలీసు ఆపితే బండి దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి నడిచి వెళ్లడం మర్యాద. ఇక్కడ ఆ పని అస్సలు చేయకండి. కారులోంచి దిగి తన వైపు వచ్చేవాణ్ని ఆఫీసరు ప్రమాదంగానే చూస్తాడు. కుడి పక్కకి ఆపి, ఇంజను కట్టేసి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టండి. రాత్రయితే లోపలి లైటు వేయండి. లైసెన్సో ఇన్సూరెన్స్ కార్డో తీయాలంటే ముందు ఎక్కడుందో చెప్పి, తీస్తానని అడిగి తీయండి.

"ఎందుకు ఆపానో తెలుసా?" అని అడుగుతారు. "ఎనభైలో వెళ్తున్నాను సార్, ఆఫీసుకి లేటయింది" అన్నారనుకోండి, ఆ మాట ఆయన నోట్సులోకి, అక్కడి నుంచి కోర్టులోకి వెళ్తుంది. తెలియదండీ అని మర్యాదగా చెబితే చాలు. అబద్ధమాడొద్దు, వాదించొద్దు. ఇక్కడికిక్కడే సర్దుకుందామన్న మాట సరదాకి కూడా రానివ్వకండి. అది టికెట్ కాదు, జైలు కేసు. టికెట్ మీద సంతకం పెట్టమంటే పెట్టేయండి. తప్పు ఒప్పుకున్నట్టు కాదు, గడువులోగా జవాబిస్తానని మాటిచ్చినట్టు. సంతకానికి నిరాకరిస్తే కొన్ని రాష్ట్రాల్లో అరెస్టు చేసే అధికారం వాళ్లకుంది.

2. ఇంటికొచ్చాక టికెట్ మొత్తం చదవండి

ముందు చూడాల్సింది సెక్షన్ నంబరు. ఆ నంబరుని బట్టే పాయింట్లు. ఆఫీసరు నోటితో చెప్పినదానికీ కాగితం మీద రాసినదానికీ తేడా ఉండొచ్చు. చాలాసార్లు దయ తలచి వేగం తగ్గించి రాస్తారు. తర్వాత స్పీడ్ లిమిట్ ఎంత, మీరు వెళ్లారని రాసింది ఎంత. ఈ రెంటి మధ్య తేడాయే అసలు లెక్క. న్యూజెర్సీలో లిమిట్ కన్నా గంటకి 14 మైళ్ల దాకా ఎక్కువైతే 2 పాయింట్లు, 15 నుంచి 29 దాకా 4 పాయింట్లు, 30, ఆపైన అయితే 5. అంటే 55 రోడ్డు మీద 69కి రెండు, 70కి నాలుగు.

మూడోది, ఇది మామూలు ట్రాఫిక్ ఉల్లంఘనా, క్రిమినల్ కేసా అన్నది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. వర్జీనియాలో లిమిట్ కన్నా 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా, లిమిట్ ఎంతైనా సరే 85 దాటినా అది రెక్‌లెస్ డ్రైవింగ్, క్లాస్ 1 మిస్‌డిమీనర్. గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా రాసి ఉన్న నేరం. 65 రోడ్డు మీద 86లో పోవడం న్యూజెర్సీ మనిషికి నాలుగు పాయింట్ల వ్యవహారంలా అనిపిస్తుంది, వర్జీనియాలో అదే క్రిమినల్ రికార్డు. ఇల్లినాయ్‌లో లిమిట్ మీద 26 మైళ్లు చేరితే మిస్‌డిమీనర్, 35 చేరితే ఇంకా పై తరగతి మిస్‌డిమీనర్. టికెట్ మీద "మిస్‌డిమీనర్" అని కనబడినా, "కోర్టుకి హాజరు తప్పనిసరి" అన్న గడి టిక్ చేసి ఉన్నా, మిగతా మెట్లు పక్కనపెట్టి ముందు లాయరుతో మాట్లాడండి.

నాలుగోది గడువు. కోర్టు తేదీయో, జవాబివ్వాల్సిన ఆఖరు తేదీయో ఉంటుంది. ఫోన్ క్యాలెండర్లో రెండు వారాల ముందుకి ఒక రిమైండరు, మూడు రోజుల ముందుకి ఇంకొకటి పెట్టండి. లైసెన్సులు సస్పెండయ్యే వాళ్లలో పాయింట్లు పేరుకున్నవాళ్లే కాదు, టికెట్‌కి జవాబివ్వకుండా వదిలేసినవాళ్లూ బోలెడుమంది. దాంతో ముడిపడిన ఇంకో సంగతి అడ్రసు. కోర్టు ఉత్తరాలు లైసెన్సు మీదున్న అడ్రసుకే వెళ్తాయి. అపార్ట్‌మెంట్ మారగానే ఇమ్మిగ్రేషన్ వాళ్లకి అడ్రసు మార్పు చెప్పే ఏఆర్-11 ఫైల్ చేయడం మనవాళ్లకి గుర్తుంటుంది, డీఎంవీలో అడ్రసు మార్చడం మరిచిపోతారు. న్యూజెర్సీలో దానికి వారమే గడువు, కాలిఫోర్నియాలో పది రోజులు. పాత అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్సులో కోర్టు నోటీసు పడి ఉంటే తప్పు మీదే అవుతుంది.

కెమెరా టికెట్ సంగతి వేరు. అది బండి యజమాని పేరుమీద వస్తుంది, చాలా రాష్ట్రాల్లో పాయింట్లుండవు. న్యూయార్క్ సిటీ స్పీడ్ కెమెరా టికెట్ 50 డాలర్లు, పాయింట్లు సున్నా. అలాంటిది నిజంగా మీదే అయితే కట్టేసి పని చూసుకోండి, పోట్లాడి లాభం లేదు. కాలిఫోర్నియా రెడ్ లైట్ కెమెరా టికెట్‌ని మాత్రం ఇలా తేలిగ్గా తీసుకోకండి, దానికి పాయింటు పడొచ్చు.

ఇంకో రెండు చిన్న మాటలు. టికెట్ పడిన వారంలో ఊరూపేరూ తెలియని లాయర్ల నుంచి ఉత్తరాలొస్తే కంగారు పడకండి. కోర్టు ఫైలింగులు బహిరంగమే, చూసి రాస్తారు. "మీ ట్రాఫిక్ టికెట్ బాకీ ఉంది, ఈరోజే కట్టకపోతే లైసెన్సు రద్దు" అని డీఎంవీ పేరుతో వచ్చే ఎస్‌ఎమ్‌ఎస్‌లు మాత్రం మోసం. లింకు నొక్కొద్దు. కాగితం మీదున్న కోర్టు పేరు పట్టుకుని మీరే ఆ సైటుకి వెళ్లండి.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహా ఇంకొకటుంది: టికెట్ మీద పేరు తప్పు పడితే కేసు కొట్టేస్తారని. ఇంటిపేరు ముందా, వెనకా అన్న గందరగోళంలో మన పేర్లు సరిగ్గా పడ్డ టికెట్లే తక్కువ. అలాంటి తప్పుల్ని కోర్టు అక్కడికక్కడే దిద్దేస్తుంది. దాని మీద ఆశ పెట్టుకోకండి.

3. మీ లైసెన్సు రాష్ట్రంలో లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకోండి

రెండు రాష్ట్రాలు చూడాలి: టికెట్ పడ్డది, లైసెన్సు ఇచ్చింది. చాలా రాష్ట్రాలు ఒకదానికొకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాల్లో ఉన్నాయి. "వేరే స్టేట్ టికెట్టే కదా, ఎవరికి తెలుస్తుంది" అన్నది పని చేయదు. న్యూజెర్సీ లైసెన్సు ఉన్నవాళ్లకి బయటి రాష్ట్రంలో మూవింగ్ వయొలేషన్ (బండి నడుపుతూ చేసిన ఉల్లంఘన) నిర్ధారణయితే 2 పాయింట్లు వేస్తారు. న్యూయార్క్ బయటి రాష్ట్రాల టికెట్లకి మామూలుగా పాయింట్లు వేయదు. అయినా జవాబివ్వకుండా వదిలేస్తే లైసెన్సుకి ముప్పు రెండు చోట్లా ఉంటుంది.

న్యూజెర్సీలో 12 పాయింట్లు చేరితే సస్పెన్షన్. అంతకన్నా ముందే, మూడేళ్లలో 6 చేరితే సర్‌ఛార్జీ మొదలవుతుంది: ఏటా 150 డాలర్లు, ఆరు దాటిన ప్రతి పాయింటుకీ మరో 25. కోర్టు జరిమానాతో దీనికి సంబంధం లేదు, విడిగా బిల్లు వస్తుంది.

కాలిఫోర్నియాలో మామూలు ఉల్లంఘనలకి ఒక్క పాయింటే. రెక్‌లెస్, డీయూఐ (తాగి నడపడం) లాంటి వాటికి, 100 మైళ్లు దాటిన వేగానికి రెండు. ఏడాదిలో 4, రెండేళ్లలో 6, మూడేళ్లలో 8 అయితే లైసెన్సు మీదికొస్తుంది. జార్జియాలో 24 నెలల్లో 15 పాయింట్లు హద్దు. అక్కడ లిమిట్ మీద 15 మైళ్ల లోపు వేగానికి పాయింట్లే ఉండవు, కానీ ఎక్కడైనా 85 చేరితే, లేదా రెండు లేన్ల రోడ్డు మీద 75 చేరితే "సూపర్ స్పీడర్" కింద మరో 200 డాలర్లు రాష్ట్రానికి కట్టాలి. ఆ నోటీసు టికెట్ కట్టేసిన తర్వాత విడిగా వస్తుంది కాబట్టి, ఏదో పొరపాటున వచ్చిందని చెత్తబుట్టలో వేసేవాళ్లున్నారు. వేయకండి.

నార్త్ కరోలినాలో రెండు రకాల పాయింట్లున్నాయి, డీఎంవీవి వేరు, ఇన్సూరెన్స్‌వి వేరు. మూడేళ్లలో 12 డీఎంవీ పాయింట్లు వస్తే సస్పెన్షన్ అంటారు కానీ, 55 మైళ్లు దాటిన వేగంలో లిమిట్ కన్నా 15 మైళ్లకి మించి ఎక్కువ వెళ్లినట్టు ఒప్పుకుంటే ఏ పాయింట్లతో నిమిత్తం లేకుండా 30 రోజులు లైసెన్సు పోతుంది. రాలీ, షార్లెట్‌లలో ఉన్నవాళ్లు ఆన్‌లైన్లో కట్టేముందు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

టెక్సస్‌లో పాయింట్ల సర్‌ఛార్జీ పథకం 2019 సెప్టెంబరు 1తో రద్దయింది. పాయింట్లు లేవని సంతోషించేలోపు ఇంకోటి చూడాలి: 12 నెలల్లో 4 మూవింగ్ వయొలేషన్లో, 24 నెలల్లో 7యో అయితే లైసెన్సు సస్పెండవుతుంది. ఇల్లినాయ్‌లో కూడా లెక్క నిర్ధారణల సంఖ్యతోనే: 21 ఏళ్లు నిండినవాళ్లకి 12 నెలల్లో మూడు పడితే సస్పెన్షన్. వాషింగ్టన్‌లో పాయింట్లే లేవు, కానీ ఇన్సూరెన్స్ కంపెనీకి రికార్డు కనబడుతూనే ఉంటుంది.

ఈ మెట్టులో చేయాల్సిన పని ఒక్కటే: ఇప్పుడు మీ రికార్డు మీద ఏముందో డీఎంవీ సైటు నుంచి తెప్పించుకోండి. న్యూజెర్సీలో 15 డాలర్లు. మూడేళ్ల కిందటి టికెట్ ఒకటుందని మీరే మరిచిపోయి ఉండొచ్చు.

4. దారి ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడకండి. ఉన్న దారులు నాలుగు. మీ రాష్ట్రంలో నాలుగూ ఉండకపోవచ్చు.

క్లాసు తీసుకుని టికెట్‌ని కప్పేయడం. టెక్సస్‌లో మొదటి టికెట్ అయితే దీన్ని మించింది లేదు. టికెట్ మీదున్న తేదీ దాటకముందే కోర్టుని డిఫెన్సివ్ డ్రైవింగ్ అడగాలి. గత 12 నెలల్లో వాడుకుని ఉండకూడదు. లిమిట్ మీద అదనంగా వెళ్లిన వేగం 25 మైళ్ల లోపు ఉండాలి, మొత్తం వేగం 95కి లోపు ఉండాలి. పనివాళ్లున్న కన్‌స్ట్రక్షన్ జోన్ టికెట్‌కి వర్తించదు. కోర్టు ఒప్పుకున్నాక 90 రోజుల్లో కోర్సు సర్టిఫికెట్, డీపీఎస్ (టెక్సస్‌లో లైసెన్సులిచ్చే విభాగం) నుంచి టైప్ 3ఏ డ్రైవింగ్ రికార్డు, ప్రమాణపత్రం అందించాలి. అప్పుడు కేసు కొట్టేస్తారు. జనం తప్పేది కోర్సులో కాదు, ఆ 3ఏ రికార్డు దగ్గర. కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ మాత్రమే పంపి, అయిపోయిందనుకుంటారు. అది చేరకపోతే గడువు దాటాక కోర్టు సంజాయిషీకి పిలుస్తుంది.

కాలిఫోర్నియా ట్రాఫిక్ స్కూలు పద్ధతి కొంచెం వేరు. జరిమానా మొత్తం కట్టాలి, పైన కోర్టు ఫీజు కట్టాలి, ఆపైన స్కూలు ఫీజు. ఇంత కట్టాక వచ్చే లాభమేమిటంటే ఆ పాయింటు ఇన్సూరెన్స్ కంపెనీకి కనిపించకుండా దాస్తారు. 18 నెలలకి ఒక్కసారే, అదీ ఉల్లంఘన తేదీ నుంచి ఉల్లంఘన తేదీకి లెక్క. లిమిట్ మీద 25 మైళ్లు దాటి ఉంటే గుమాస్తా దగ్గర అర్హత ఉండదు, జడ్జిని అడగాలి. డబ్బు దండగనిపించినా తీసుకోమనే నేను చెబుతాను. ఆ రాష్ట్రంలో ఓటర్లు ఆమోదించిన 1988 నాటి ఇన్సూరెన్స్ చట్టం ప్రొపొజిషన్ 103 ప్రకారం మంచి డ్రైవరుకి కనీసం 20 శాతం తగ్గింపు హక్కు. మూడేళ్లలో ఒక పాయింటు కన్నా ఎక్కువ పడితే ఆ హక్కు పోతుంది. ఈ ఒక్కటీ దాచేస్తే రేపు ఇంకోటి పడినా తగ్గింపు నిలబడే అవకాశం ఉంటుంది.

ప్రాసిక్యూటరుతో (ప్రభుత్వం తరఫు లాయరుతో) మాట్లాడి నేరం తగ్గించుకోవడం. న్యూజెర్సీ మునిసిపల్ కోర్టుల్లో రోజూ జరిగేది ఇదే. నాలుగు పాయింట్ల స్పీడింగ్‌ని "అన్‌సేఫ్ డ్రైవింగ్" కిందికి మారుస్తారు: పాయింట్లు సున్నా, జరిమానాకి తోడు 250 డాలర్ల సర్‌ఛార్జీ. మొదటి రెండుసార్లూ ఇంతే. ఐదేళ్లలోపు మూడోసారి వాడితే నాలుగు పాయింట్లు పడతాయి. రికార్డు మీద ఏమీ లేనివాళ్లు రెండు పాయింట్ల టికెట్‌కి దీన్ని ఖర్చు పెట్టుకోవాలా అన్నది ఆలోచించుకోవాల్సిందే, ముందు ముందు పెద్దది పడితే ఇది అక్కరకొస్తుంది. నా మాటకొస్తే నాలుగు, ఐదు పాయింట్లకైతే తప్పకుండా అడుగుతాను, రెండింటికి ఇన్సూరెన్స్ ఎంత పెరుగుతుందో చూసుకుని తేల్చుకుంటాను. న్యూయార్క్ సిటీలో మాత్రం ఈ బేరం లేదు. అక్కడి ట్రాఫిక్ వయొలేషన్స్ బ్యూరోలో తప్పు ఒప్పుకోవడమో, విచారణకి నిలబడటమో, రెండే.

షరతు మీద కేసు పక్కన పెట్టించుకోవడం. పేర్లు రాష్ట్రానికొకటి. ఇల్లినాయ్‌లో కోర్టు సూపర్‌విజన్, టెక్సస్‌లో డిఫర్డ్ డిస్పొజిషన్, వాషింగ్టన్‌లో డిఫర్డ్ ఫైండింగ్, నార్త్ కరోలినాలో పీజేసీ (తీర్పు వాయిదా వేయడం). చెప్పిన కాలం ఇంకో టికెట్ లేకుండా నడిపితే నిర్ధారణ రికార్డు కెక్కదు, లేదా పాయింట్లు పడవు. ఇవన్నీ పొదుపుగా వాడుకోవాల్సినవి. వాషింగ్టన్‌లో మూవింగ్ వయొలేషన్‌కి ఏడేళ్లలో ఒక్కసారే. నార్త్ కరోలినాలో పీజేసీ ఇన్సూరెన్స్ లెక్కకి కొన్నేళ్లలో ఇంటి మొత్తానికి ఒకటే. భర్త వాడేసుకుంటే భార్య టికెట్‌కి పనికిరాదు. ఇంట్లో ఎవరికి ఎక్కువ అవసరమో మాట్లాడుకుని వాడండి.

పోరాడటం. రాడార్ సరిగ్గా పనిచేస్తోందని చూపే క్యాలిబ్రేషన్ కాగితాలు, ఆఫీసరు నోట్సు అడిగే హక్కు చాలా చోట్ల మీకుంది. దాన్ని డిస్కవరీ అంటారు, రాతపూర్వకంగా అడగాలి. కాలిఫోర్నియాలో కోర్టుకి వెళ్లకుండా కాగితం మీదే విచారణ కోరవచ్చు. టీఆర్-205 ఫారం నింపి, జరిమానా మొత్తాన్ని డిపాజిట్‌గా కట్టి, మీ వాదన రాసి పంపాలి. ఆఫీసరు కూడా తన వైపు రాసి పంపాలి. గెలిస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. ఓడితే 20 రోజుల్లోపు కొత్తగా ముఖాముఖి విచారణ కోరవచ్చు. ఆఫీసరు రాకపోతే కేసు పోతుందన్న నమ్మకం మీదే పోరాటానికి దిగేవాళ్లు ఎక్కువ. కొన్నిసార్లు నిజమే, కానీ చాలా కోర్టుల్లో ఆఫీసరుకి ఒకే రోజు తన టికెట్లన్నీ పెడతారు, ఆ రోజు ఆయన వస్తాడు.

లాయరు ఎప్పుడు? మిస్‌డిమీనర్ అయితే తప్పకుండా. ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే తప్పకుండా. సస్పెన్షన్ అంచున ఉంటే, లేదా వేరే రాష్ట్రంలో పడి అంత దూరం వెళ్లలేకపోతే పెట్టుకోవడమే మేలు. చాలా చిన్న కేసుల్లో మీరు రాకుండానే లాయరు హాజరు కావచ్చు. ఆ కోర్టులోనే రోజూ తిరిగే స్థానిక లాయర్ని చూడండి. న్యూజెర్సీలో ఉండే మీ ఫ్రెండు వాళ్ల లాయరు వర్జీనియా కోర్టులో నిలబడలేడు. కమర్షియల్ లైసెన్సు ఉన్నవాళ్లకి పైన చెప్పిన దాచే పద్ధతులేవీ వర్తించవు, ఫెడరల్ రూల్సే ఒప్పుకోవు. వాళ్లు నేరుగా లాయరు దగ్గరికే వెళ్లాలి.

5. కోర్టు రోజు

ముందుగా పిలిచే పేర్లలో మీది ఉండొచ్చు కాబట్టి అరగంట ముందు చేరండి. ఆన్‌లైన్ విచారణ అయితే కారులోంచి చేరకండి. డ్రైవింగ్ కేసుకి డ్రైవర్ సీట్లో కూర్చుని వచ్చిన మనిషిని చూసి జడ్జి ముచ్చటపడడు. ఇంగ్లిషు మీద నమ్మకం లేకపోతే తెలుగు దుబాసీ కావాలని ముందుగానే కోర్టు గుమాస్తాకి చెప్పండి. ఫోన్లోనో వీడియోలోనో ఏర్పాటు చేస్తారు. బావమరిదిని వెంటబెట్టుకెళ్లి అతనితో చెప్పించడం కుదరదు.

వర్జీనియాలో స్పీడింగ్ కేసుకి వెళ్తుంటే స్పీడోమీటర్ క్యాలిబ్రేషన్ చేయించి ఆ కాగితం, డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ క్లినిక్ (డ్రైవింగ్ కోర్సు) సర్టిఫికెట్, మంచి రికార్డు ఉంటే దాని కాపీ పట్టుకెళ్లండి. మీటరు తప్పు చూపిస్తోందని తేలితే జడ్జి వేగం తగ్గించే వీలుంది.

ప్రాసిక్యూటరుతో మాట కలిసినప్పుడు కథ చెప్పకండి. "రికార్డు మీద ఇంతకుముందు ఏమీ లేదు, పాయింట్లు లేని దానికి మార్చగలరా?" అంటే చాలు. ఆయన ఏదైనా ఇస్తానంటే ఒప్పుకునేముందు మూడు అడగండి: దీనికి పాయింట్లెన్ని, మొత్తం కట్టాల్సింది ఎంత, ఇది క్రిమినల్ నిర్ధారణ కిందికి వస్తుందా. మూడో ప్రశ్న వీసా మీదున్నవాళ్లకి చాలా ముఖ్యం.

6. పాయింట్లు పడిపోయాక తగ్గించుకోవడం

ఆల్రెడీ కట్టేసి ఇది చదువుతున్నవాళ్ల కోసం. న్యూజెర్సీలో ఏడాదిపాటు ఏ ఉల్లంఘనా సస్పెన్షనూ లేకపోతే 3 పాయింట్లు వాటంతటవే తగ్గుతాయి. డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సుతో మరో 2, ఐదేళ్లకి ఒకసారి. పెన్సిల్వేనియాలోనూ శుభ్రంగా గడిచిన ప్రతి ఏడాదికీ 3 పోతాయి. జార్జియాలో కోర్సుతో ఐదేళ్లకోసారి 7 దాకా తగ్గించుకోవచ్చు. వర్జీనియాలో క్లినిక్ చేస్తే 5 సేఫ్ పాయింట్లు (మంచి డ్రైవింగ్‌కి ఇచ్చేవి) కలుస్తాయి, రెండేళ్లకోసారి. న్యూయార్క్‌లో కోర్సు చేస్తే సస్పెన్షన్ లెక్కలోంచి 4 పాయింట్లు మినహాయించడంతోపాటు ఇన్సూరెన్స్‌లో మూడేళ్లు 10 శాతం తగ్గింపు ఇస్తారు, కాబట్టి అక్కడ టికెట్ లేనివాళ్లకీ అది లాభమే.

కోర్సు చేసేముందు అది మీ రాష్ట్రం గుర్తించిన జాబితాలో ఉందో లేదో డీఎంవీ సైటులోనే చూడండి. పాయింట్లు తగ్గినంత మాత్రాన ఆ ఉల్లంఘన రికార్డులోంచి చెరిగిపోదు, ఇన్సూరెన్స్ వాళ్లకి కనబడుతుంది.

7. ఇన్సూరెన్స్

టికెట్ పడిన రోజే ఫోన్ చేసి చెప్పాల్సిన అవసరం లేదు. రెన్యువల్‌కో, కొత్త పాలసీకో వాళ్లే రికార్డు చూస్తారు. కొత్త అప్లికేషన్లో అడిగితే మాత్రం దాచకండి, దాస్తే క్లెయిమ్ వచ్చిన రోజున ఆ పాలసీయే ప్రశ్నలో పడుతుంది. రెన్యువల్‌లో రేటు పెరిగితే వేరే మూడు నాలుగు కంపెనీల కొటేషన్లు తెప్పించుకోండి. ఒకే టికెట్‌ని ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేస్తుంది. మూడేళ్లు నిండిన నెలలో మళ్లీ తెప్పించుకోండి. పాతది తీసేశారని కంపెనీ ఫోన్ చేసి చెప్పదు.

8. వీసా, గ్రీన్ కార్డు, సిటిజెన్‌షిప్

మామూలు స్పీడింగ్ టికెట్ వల్ల హెచ్‌1బీ పోదు. కానీ కొన్ని జాగ్రత్తలున్నాయి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టయ్యారా, ఏ నేరానికైనా శిక్ష పడిందా అని అడుగుతారు. వర్జీనియా రెక్‌లెస్ లాంటి మిస్‌డిమీనర్ ఒప్పుకుని ఉంటే దానికి జవాబు "అవును". వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లి కౌన్సులేట్ ముందు ఆ సంగతి తెలుసుకోవడం కన్నా, కోర్టులోనే దాన్ని మామూలు స్పీడింగ్‌కి తగ్గించుకోవడం నయం. డీయూఐ అరెస్టు అయితే నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసే అధికారం స్టేట్ డిపార్ట్‌మెంట్ వాడుతోంది. ఆ రోజే ఇమ్మిగ్రేషన్ లాయరుకి ఫోన్ చేయాలి.

విద్యార్థులు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 2025 వసంతంలో వేలమంది సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డులు ఉన్నట్టుండి రద్దయినప్పుడు, వాళ్లలో ట్రాఫిక్ కేసులు తప్ప ఇంకేమీ లేనివాళ్లూ ఉన్నారు. కోర్టు కేసుల తర్వాత ఆ రికార్డులు పునరుద్ధరించారు కానీ, కేసు ముగిసిందని చూపే కాగితం చేతిలో ఉండటం ఎంత అవసరమో అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

సిటిజెన్‌షిప్ ఫారం ఎన్-400లో "సైటెడ్" అన్న మాట కూడా ఉంది, అంటే టికెట్ కూడా అందులోకి వస్తుంది. అరెస్టు లేకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతోనో పాయింట్లతోనో ముగిసిన వాటికి, మద్యం, మత్తుపదార్థాల ప్రమేయం లేకపోతే, కాగితాలు జతచేయనక్కర్లేదు. చెప్పడం వేరు, కాగితాలు జతచేయడం వేరు. పదేళ్ల కింద ఏ కౌంటీలో పడ్డదో గుర్తు రాక ఇంటర్వ్యూ ముందురోజు వెతుక్కునేవాళ్లని చూస్తుంటాం.

9. కేసు ముగిసిన నెలన్నర తర్వాత

మళ్లీ ఒకసారి మీ డ్రైవింగ్ రికార్డు తెప్పించుకోండి. కోర్టులో ఒప్పుకున్నదొకటి, డీఎంవీలో ఎక్కినది ఇంకొకటి అయ్యే సందర్భాలు లేకపోలేదు. తేడా ఉంటే కోర్టు గుమాస్తా ఆఫీసులో అడగాలి, డీఎంవీ కోర్టు పంపిందే ఎక్కిస్తుంది. జవాబు ఆలస్యం కావడం వల్ల సస్పెన్షన్ పడి ఉంటే, జరిమానా కట్టినంత మాత్రాన లైసెన్సు తిరిగి రాదు. పునరుద్ధరణ ఫీజు విడిగా కట్టి, డీఎంవీ ఖాయం చేసేదాకా బండి తీయకూడదు. సస్పెన్షన్‌లో నడిపితే అది మొదటి టికెట్ కన్నా చాలా పెద్ద కేసు. దేశంలో ఉండేందుకు అనుమతించిన ఐ-94 తేదీతో పాటే లైసెన్సు గడువూ ముగిసే మనబోటివాళ్లు డీఎంవీ కౌంటరుకి తరచూ వెళ్తుంటారు కాబట్టి, ఇలాంటి బాకీలు సరిగ్గా రెన్యువల్ రోజునే బయటపడతాయి.

ఆఖరుగా, కోర్టు నుంచి సర్టిఫైడ్ డిస్పొజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో ధ్రువీకరించే కాగితం, అడిగి తీసుకోండి. కొద్ది డాలర్ల ఫీజు. చాలా కోర్టులు పాత ట్రాఫిక్ ఫైళ్లని కొన్నేళ్లకి తీసేస్తాయి, తర్వాత అడిగితే రికార్డు లేదన్న ఉత్తరమే దొరుకుతుంది. అసలు కాపీని పాస్‌పోర్టు, ఐ-797 (ఇమ్మిగ్రేషన్ నోటీసు) పెట్టుకునే ఫైల్లో పెట్టండి. స్కాన్ చేసిన కాపీ మీ ఈమెయిల్‌కి పంపుకుని, సబ్జెక్టులో కౌంటీ పేరు, టికెట్ నంబరు, తేదీ రాయండి.